స్లైడు మీద ఒక్క అంకె

చిన్నోడు పడుకున్నాడు, అత్తయ్య సీరియల్ కూడా అయిపోయింది. నాకే నిద్ర పట్టడం లేదు. ఆఫీసులో ఆ స్లైడు గొడవే కారణం.

2050 నాటికి యాసంగి వరి దిగుబడి ఎలా ఉంటుందో చూపించే పటం అది. ఒక్కో వాతావరణ మోడల్ ఒక్కోలా చెబుతుంది కాబట్టి, కింద 'ఇంత నుంచి ఇంత వరకు' అని రాసి పెట్టాను. సాయంత్రం చూస్తే ఆ లైను తీసేసి మధ్యలో ఉన్న అంకె ఒక్కటే ఉంచారు. అడిగితే "చూసేవాళ్ళు కన్ఫ్యూజ్ అవుతారండీ" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ప్రపంచం మొత్తానికి వేసే మోడళ్ళు భూమిని గళ్ళుగా విడగొట్టి లెక్క వేస్తాయి, ఒక్కో గడి సుమారు వంద కిలోమీటర్లు ఉంటుంది. ఉప్పల్లో మా ఇల్లు, భువనగిరి అవతల నాన్న పొలం ఒకే గడిలో పడినా పడతాయి. దాన్ని ఎన్ని ముక్కలు చేసినా, మోడళ్ళ మధ్య తేడా తేడాగానే ఉంటుంది. అది తెలిసీ ఒకే అంకె చూపిస్తే లేని భరోసా ఇచ్చినట్టే.

పైగా, "కార్బన్ డయాక్సైడ్ పెరిగితే వరికి మంచిదే కదా" అన్నారు. 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల భాగాలకు 315 దాకా ఉండేది, ఇప్పుడు 420 దాటింది. వరి, కంది, పత్తి దాంతో కొంత ఏపుగా పెరిగే మాట నిజమే. జొన్న, మొక్కజొన్నలకి ఆ లాభం పెద్దగా లేదు. కానీ ఏపుగా పెరిగినంత మాత్రాన గింజ నిండుతుందా?

నేను ఇంటర్ చదివేటప్పటి యాసంగి పంట అలాంటిదే. ఊరంతా వచ్చి చూసి వెళ్ళేంత బాగుంది పైరు. పూత మీద ఉండగా మార్చిలో ఎండ ముదిరింది. వరి పువ్వు పొద్దున విచ్చుకుని కాసేపటికే మూసుకుపోతుంది. సరిగ్గా ఆ వేళకి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజ కట్టదు. అప్పుడు మాకెవరికీ ఇది తెలియదు. కోతకొచ్చే వేళకి కంకులు వంగకుండా నిటారుగా నిలబడి ఉంటే, నాన్న ఒకటి తెంపి అరచేతిలో నలిపాడు. అంతా తాలు. ఆ కంకులు రెండు జేబులో పెట్టుకుని కనిపించినవాళ్ళందరికీ చూపిస్తూ తిరిగాడు, ఎవరైనా కారణం చెబుతారేమోనని. మిగిలిన వడ్లు అమ్మబోతే తేమ, తాలు అంటూ తరుగు తీశారు. నెల సగటు చూస్తే ఆ ఎండ రోజులు కనిపించనే కనిపించవు.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి ఈ గొడవంతా చెప్పాను. "ఇంత నుంచి ఇంత అంటే నేనేం చెయ్యాలె బిడ్డా? నారు ఎప్పుడు పొయ్యాల్నో చెప్పు" అన్నాడు.

అప్పటినుంచీ అదే ఆలోచన. నేను పట్టుబట్టిన లైను కూడా ఆయనకి పనికిరాదు. నారు నవంబరులోనే పోస్తే పూత ముదురు ఎండలకి ముందే అయిపోతుంది, వడగళ్ళ భయమూ తగ్గుతుంది. నారు తేదీలు మార్చి మార్చి మోడల్ నడిపితే ఏది మేలో తెలుస్తుంది. స్లైడు మీద ముందు ఉండాల్సింది ఆ తేదీ. నా లైను దాని కిందే ఉండాలి, అది మాత్రం వదలను.

ఆ తర్వాతి స్లైడు అడవులది. అక్కడ మార్చడానికి తేదీ కూడా లేదు. టేకుకి నప్పే వాన, వేడి ఇంకోచోటికి జరిగితే నల్లమలలో ఉన్న టేకు వెంట వెళ్ళలేదు. పెద్ద చెట్లు ఇంకా చాలా ఏళ్ళు పచ్చగానే ఉంటాయి, కింద కొత్త మొలకలు బతకవు. మా మోడల్ ఎక్కడ నప్పుతుందో మాత్రమే చెబుతుంది. మధ్యలో పొలాలు, రోడ్లు, ఊళ్ళు దాటి విత్తనం అక్కడికి చేరుతుందా అన్నది అందులో లేదు. అయినా పటంలో ఆ కొత్త చోటంతా ఆకుపచ్చ రంగు వేసి 'అడవి' అని రాశారు.

రేపు మీటింగుకి ముందే వరి స్లైడులో తేదీలు పెట్టేస్తాను. రెండో దాంట్లో ఆ పచ్చరంగు తీసెయ్యమని అడుగుతాను. ఒప్పుకోకపోతే దాని మీద నా పేరు తీసెయ్యమంటాను.