షెట్లాండ్‌లో ఒంటికన్ను లెక్క

స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో, నాస్ దీవిలో దిగి అరగంట కూడా కాలేదు, గ్రేట్ స్కువా అనే పెద్ద సముద్రపక్షి ఒకటి వెనక నుంచి వచ్చి కాళ్లతో నా నెత్తిమీద ఒక్కటిచ్చింది. తప్పు నాదే, ఫొటో ఆశకి బాట దిగి గూళ్ల వైపు నాలుగడుగులు ఎక్కువ వేశాను. నేను వంగేసరికి మెడలోంచి బైనాక్యులర్స్ జారి రాయి మీద పడ్డాయి. అద్దాలు పగల్లేదు కానీ రెండు గొట్టాలూ చెరో దారి పట్టాయి, చూసిన ప్రతి పక్షీ జంటగా కనిపిస్తోంది. మా అక్క ముందు టోపీ ఏరి తెచ్చిచ్చింది, ఆ తర్వాత తీరిగ్గా నవ్వింది. మిగిలిన రెండు రోజులూ ఒక కన్ను మూసుకునే చూశాను.

నిజానికి నేను వచ్చింది ఈ కొట్టే పక్షుల కోసం కాదు, వాటికి చిన్న చుట్టాలైన ఆర్కిటిక్ స్కువాల కోసం. సాయంత్రం స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఓడ ఎక్కితే తెల్లారేసరికి షెట్లాండ్ ముఖ్యపట్నం లెర్విక్‌లో దింపుతుంది, అక్కణ్నుంచి బ్రెస్సే దీవి, అది దాటాక సన్నటి పాయ మీద రబ్బరు పడవ. జూన్ నెలలో అక్కడ చీకటి అనేదే సరిగ్గా పడదు. పడుకోవాలని గుర్తు చేయడం అక్క వంతు అయింది.

మధ్యాహ్నం దాటాక కనిపించాయి. గడ్డిదిబ్బ మీద ఒకటి, పది అడుగుల అవతల ఇంకొకటి. మొదటిది తల నుంచి తోక దాకా కాలిన కట్టె రంగు. రెండోదానికి పొట్ట తెల్లన, మెడ పక్కన లేత పసుపు, నెత్తిన నల్ల టోపీ పెట్టినట్టు ఉంది. "ఇవి రెండూ వేరే జాతులు కదరా" అంది అక్క. కాదక్కా, మొగుడూ పెళ్లాలు అన్నాను. నమ్మలేదు. మేం ఇంకాస్త దగ్గరికి వెళ్లగానే రెండూ కలిసి మా మీదకి ఎగబడ్డాక నమ్మింది.

తేడా అంతా దాదాపు ఒక్క జన్యువులో ఉంది. దాని పేరు ఎంసీ1ఆర్, ఈకలో నల్ల మెలనిన్ ఎంత నిండాలో చెప్పే మీట లాంటిది. ముదురు రకం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే పిల్ల నల్లగా, ఒక్కరి నుంచే వస్తే నడిమి రంగులో ఉంటుంది. ఈ సంగతి 2004లో తేలింది, స్నో గూస్ బాతుల్లో తెలుపు, నీలి బూడిద రంగుల వెనకా అదే జన్యువు దొరికింది. అంతదాకా బాగానే ఉంది. చిక్కంతా తర్వాతే. ఉత్తరాన నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల్లో ఆర్కిటిక్ స్కువాలు దాదాపు అన్నీ లేత రంగువే, కిందికి దిగేకొద్దీ ముదురువి పెరుగుతాయి, షెట్లాండ్‌లో వాటిదే పైచేయి. ఒక రంగు మంచిదైతే రెండోది ఈపాటికి పోవాలి కదా, ఎందుకు పోలేదు?

వేరే పక్షుల నోట్లో చేపని దోచుకునేటప్పుడు ముదురు రంగు కనపడకుండా కాపాడుతుందని ఒక వాదన ఉంది. నాకది ఎక్కలేదు. టెర్న్ అనే చిన్న సముద్రపక్షి వెనకపడి, అది ఎటు తిరిగితే అటు తిరుగుతూ చేప వదిలేదాకా తరిమే పక్షికి దాక్కునే అవసరం ఏముంది? షెట్లాండ్‌లోనే ఉన్న ఫెయిర్ ఐల్ దీవిలో పీటర్ ఓడొనాల్డ్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి గూళ్లు లెక్కపెట్టి చెప్పిందే నాకు నచ్చుతుంది: లేత రంగువి చిన్న వయసులోనే పిల్లల్ని పెట్టడం మొదలుపెడతాయి, ముదురు మగవాటికి ఆ సీజన్‌లో జోడీ తొందరగా కుదురుతుంది. ఒకటి ఒక దారిలో గెలుస్తుంది, రెండోది ఇంకో దారిలో. అంటే ఈక రంగు కంటికి కనిపించే కొస మాత్రమే కావచ్చు, లాభనష్టాలు వేరే చోట ఉండొచ్చు.

మర్నాడు షెట్లాండ్ దక్షిణపు కొసన సంబర్గ్ హెడ్‌లో ఇది ఇంకా గట్టిగా అనిపించింది. 1821 నాటి లైట్‌హౌస్ కింద కొండ చరియల మీద గిల్లెమాట్‌లు అనే నలుపు తెలుపు సముద్రపక్షులు భుజం భుజం రాసుకుంటూ నిలబడి ఉన్నాయి, వాసన పైదాకా కొడుతోంది. కింద బండ మీద ఒక షాగ్, అంటే నీటికాకి లాంటి పక్షి, చూడ్డానికి నల్లగా ఉంది, తల తిప్పగానే ఆకుపచ్చగా మెరిసింది. ఆ పచ్చదనానికి వేరే రంగు పదార్థమేమీ లేదు, ఈక లోపలి సన్నటి అమరిక వెలుగుని విరిచే తీరు అంతే.

గిల్లెమాట్‌లలో కొన్నిటికి మాత్రం కంటి చుట్టూ తెల్లటి రింగు, దాని నుంచి వెనక్కి సన్నటి తెల్ల గీత, కళ్లజోడు పెట్టుకున్నట్టే. ఇవీ వేరే జాతి కాదు. అట్లాంటిక్‌లోనే ఉంటాయి, ఉత్తరానికి వెళ్లేకొద్దీ ఎక్కువవుతాయి, పోర్చుగల్ వైపు అసలు కనపడవు. 1938-39లో హెచ్.ఎన్. సదర్న్ అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో బ్రిటన్ తీరమంతా వీటిని లెక్కపెట్టారు.

"ఆ గీత దానికి ఏం పని చేస్తుందిరా?" అంది అక్క. గీత ఏమీ చేయకపోవచ్చు. నార్వేలో హోర్నోయా దీవిలో ఏళ్లపాటు గమనిస్తే, చలికాలంలో సముద్రం వెచ్చబడితే కళ్లజోడువి ఎక్కువ చనిపోయాయి, మామూలువాటికి ఆ దెబ్బ తగల్లేదు. నీటి వెచ్చదనానికీ గీతకీ నేరుగా సంబంధం ఏముంటుంది? ఆ గీతతోపాటు ఒంట్లో ఇంకేదో వస్తోందన్న అనుమానం నాది.

సరే, మేమూ లెక్కపెడదాం అనుకున్నాం. ఒక చరియ ఎంచుకుని, ఎడమ కన్ను మూసి, గొణుక్కుంటూ 71 పక్షుల్లో 14 కళ్లజోళ్లు తేల్చాను. అక్క బైనాక్యులర్స్ ఒక గొట్టానికి ఫోన్ ఆనించి ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసి 17 అంది. సగం పక్షులు గోడకి మొహం పెట్టి మాకు వీపు చూపిస్తున్నాయి, తల తిప్పితేగానీ గీత కనపడదు. మూడోసారి లెక్క మొదలుపెట్టి నలభై దాకా వచ్చాను, సముద్రం మీద నుంచి పొగమంచు పైకి పాకి చరియ మొత్తాన్ని మింగేసింది. అరుపులు మాత్రం అలాగే వినిపిస్తున్నాయి.