మెట్లెక్కని మంచం

నిన్న విజయవాడ సత్యనారాయణపురంలో కొత్తింట్లోకి మారాం. అమ్మ టేకు మంచం మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. "ఊడదీసి పైన బిగిద్దాంలేరా" అన్నాడు వడ్రంగి బాబాయ్. నట్లు అందిస్తుంటే నాకు స్పేస్ స్టేషన్ గుర్తొచ్చింది (నా పిచ్చి నాది). 109 మీటర్ల పొడవు, 400 టన్నుల పైన బరువు. ఏ రాకెట్లో పడుతుంది? అందుకే 1998 నుంచి ముక్కలుగా పంపి అక్కడే బిగించారు. 2001లో వెళ్లిన 17.6 మీటర్ల రోబో చెయ్యి కెనడార్మ్-2 అయితే, ఒక చివర పట్టుకుని రెండో చివర వదిలి గొంగళిపురుగులా నడుస్తుంది కూడా! మన ఇస్రో 2024 డిసెంబరు 30న పీఎస్ఎల్‌వీ-సీ60లో అలా నడిచే చేతినే, చిన్నదాన్ని, పంపింది. జేమ్స్ వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపు 6.5 మీటర్ల అద్దాన్నయితే మడిచి పంపారు. ఇంకా పెద్దదైతే మడతలు చాలవు, రోబోలు పైనే కట్టాలి.

అక్కడ నట్టు జారితే మంచం కింద దూరి వెతకలేం. మాదొకటి ఇంకా దొరకలేదు.