గుడ్డకు ఎనిమిది ముఖాలు

విశాఖలో ఇళ్ల దగ్గరికే వెళ్లి కార్లు కడిగి, పాలిష్ పట్టడం నా పని. పొద్దున్న అయిదున్నరకు ఎంవీపీ కాలనీలో ఏదో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వ్యాన్ ఆపగానే నేను చేసే మొదటి పని, కారు అద్దం మీద వేలితో గీత గీయడం. వేలికి తడిగా, జిగటగా అంటితే సముద్రపు ఉప్పు. పొడిగా, నల్లగా అంటితే పోర్టు వైపు గాలి తెచ్చిన దుమ్ము. అది చూశాకే ఎన్ని నీళ్లు వాడాలో, ఏ షాంపూ కలపాలో తేల్చుకుంటాను. ఈ అలవాటు దుబాయ్‌లో అయింది. అక్కడ వేలికి ఎప్పుడూ ఇసుకే అంటేది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయిన మర్నాడు మా తోటలో నిలబడ్డ కొబ్బరి చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మళ్లీ మొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లు ఇల్లు గడవాలి కదా. 2019లో ఒక ఏజెంటుకు 90 వేలు కట్టి దుబాయ్ ఎక్కాను. రిజిస్టర్డ్ ఏజెంటు జీఎస్టీ కాక 30 వేలకు మించి తీసుకోకూడదన్న రూలు ఉందని అక్కడికి వెళ్లాక రూమ్‌మేట్లు చెబితే తెలిసింది. ఇప్పుడు మా ఊరి కుర్రాళ్లు ఎవరు అడిగినా, డబ్బు కట్టే ముందు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఆ ఏజెంటు పేరు ఉందో లేదో చూసుకోమని చెబుతున్నాను. రూలుకు మించి కట్టిన ఆ అరవై వేలు తీర్చడానికి నాకు ఎనిమిది నెలల రాత్రులు పట్టాయి.

"హెల్పర్ పని" అని చెప్పి పంపారు. దిగాక తెలిసింది, కార్లు తుడవడం. దుబాయ్‌లో మురికి కారును బయట వదిలేస్తే 500 దిర్హమ్‌ల దాకా జరిమానా పడుతుంది. వీధిలో ఇష్టమొచ్చినట్టు కడగడమూ కుదరదు. అందుకని పెద్ద బిల్డింగుల్లో నెలవారీ లెక్కన రాత్రిపూట కార్లు తుడిచే కంపెనీలు ఉంటాయి. కూలీల క్యాంపులుండే సోనాపూర్‌లో మాకు రూమ్. ఎనిమిది మందికి మంచం మీద మంచం. రాత్రి ఎనిమిదింటికి బస్సు ఎక్కితే, భూమి కింద రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో దించేవారు. ఒక బకెట్టు, నాలుగు గుడ్డలు, నలభై కార్లు. వేసవిలో ఆ సెల్లార్‌లో గాలి ఆడేది కాదు. చొక్కా పిండితే నీళ్లు కారేవి.

మొదటి వారం ఒకే గుడ్డతో గబగబా తుడిచేసి, నలభై కార్లు అయిపోయాయని సంతోషపడ్డాను. మా గుంపులో ఒక నేపాలీ పెద్దాయన ఉండేవాడు. అందరం ఆయన్ని 'దాయ్' అనేవాళ్లం, వాళ్ల భాషలో అన్న అని. ఆయన నన్ను ఒక నల్ల కారు దగ్గరికి తీసుకెళ్లి, సెల్‌ఫోన్ లైటు బానెట్ మీద వేశాడు. ఆ వెలుగు చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు. నేను తుడిచిన కారే. ఇసుకను గుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పూత మందం మహా అయితే 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక దాదాపు 70 ఉంటుంది. అంటే వెంట్రుక కన్నా పలచటి పొరను కాపాడడమే మా పని అన్నమాట. దాయ్ చేతిలోని గుడ్డను సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచాడు. "ఇప్పుడు దీనికి ఎనిమిది ముఖాలు. ఒక్కో ముఖం ఒక్కసారే. మురికైన ముఖం మళ్లీ కారుకు తగలకూడదు" అన్నాడు. వచ్చీరాని హిందీలో చెప్పిన ఆ ముక్క మీదే ఈరోజు నా ఇల్లు నడుస్తోంది.

రెండేళ్లు ఆ సెల్లార్లలో పని చేసినా, నేను తుడిచిన కార్ల యజమానుల్లో నలుగురిని కూడా చూడలేదు. కార్లే నాకు మనుషులు. ఒక తెల్ల కారు వెనక సీట్లో పసిబిడ్డ కుర్చీ ఉండేది, వెనక్కి తిరిగి. కొన్నాళ్లకు అది ముందుకు తిరిగింది. తర్వాత దాని చోట ఇంకాస్త పెద్ద కుర్చీ వచ్చింది. ఆ బిడ్డ పెరగడం నేను అద్దంలోంచి చూశాను, ఆ బిడ్డను మాత్రం ఎప్పుడూ చూడలేదు. అక్కడ రాత్రి ఒంటిగంటకు టీ బ్రేక్. మన దగ్గర రెండున్నర. అమ్మకు ఫోన్ చెయ్యాలనిపించే వేళ అదే, చెయ్యకూడని వేళా అదే.

2020లో కరోనా వచ్చి కొన్ని వారాలు పని ఆగిపోయింది, జీతం సగమైంది. ఆ రోజుల గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. ఆ తర్వాత కంపెనీ మారి దుబాయ్‌లోనే అల్ ఖూజ్‌లో ఒక డీటెయిలింగ్ షాపులో, అంటే కార్లను లోపలా బయటా శుభ్రం చేసి మెరుగు పట్టే చోట, చేరాను. అక్కడి మలయాళీ మేస్త్రీ నాకు పాలిష్ మెషిన్ పట్టుకోవడం నేర్పాడు. ముందు అరచేతి వెడల్పు చోట, అన్నిటికన్నా మెత్తటి ప్యాడ్, తేలికపాటి పాలిష్‌తో చూడు. గీత పోతే అక్కడితో ఆగు. పోకపోతేనే ఘాటైన కాంపౌండ్ జోలికి వెళ్లు. తీసేసిన పూతను మళ్లీ పెట్టలేవు. రోజూ ఇదే చెప్పేవాడు, విసుగు లేకుండా.

2023లో వచ్చేశాను. నాన్నకు ఒంట్లో బాగుండడం లేదు. ఊళ్లో ఉంటే పని లేదు, అక్క మధురవాడలో ఉంది, విశాఖలో కార్లున్నాయి. షాపు అద్దెకు తీసుకునే తాహతు లేదు కాబట్టి వ్యాన్‌లో ఇంటికే వెళ్లి చేద్దామనుకున్నాను. అమ్మతో చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "కార్లు కడగడానికి అంత దూరం ఎల్లావు. మళ్లీ ఇక్కడా అదేనేటి నాయనా?" అంది. ఆమె బాధ నాకు అర్థమైంది. ఊళ్లో నలుగురూ అడిగితే ఏమని చెప్పాలి? ఒకరోజు తమ్ముడి పాత కారు బానెట్ సగం పాలిష్ పట్టి, మిగతా సగం అలాగే వదిలేసి ఆమెను పిలిచాను. అమ్మ రెండు వైపులా చెయ్యి పెట్టి చూసింది. ఏమీ అనలేదు గానీ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఖర్చు ఎంతవుతుందని చాలామంది అడుగుతారు కాబట్టి నాకైంది చెబుతాను. సెకండ్ హ్యాండ్ వ్యాన్ లక్షా నలభై వేలు. చిన్న జనరేటర్, ప్రెషర్ వాషర్, తడీపొడీ లాగే వ్యాక్యూమ్, పాలిషింగ్ మెషిన్, 300 లీటర్ల ట్యాంకు, గుడ్డలు, కార్లు కడిగే మందులు అన్నీ కలిపి ఇంకో లక్షా పదివేలు. చిన్న వ్యాపారాలు నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు లోన్లిచ్చే ముద్ర పథకంలో 50 వేల పైన 5 లక్షల దాకా ఇచ్చేదాన్ని కిశోర్ అంటారు. నేను రెండు లక్షలు అడిగాను. ఒక బ్యాంకు బ్రాంచిలో రెండు నెలలు తిప్పి, కార్లు కడగడానికి లోన్ ఏమిటన్నారు. ఇంకో బ్రాంచిలో మేనేజర్ నా అల్ ఖూజ్ సర్టిఫికెట్, కొటేషన్లు చదివి పదిహేను రోజుల్లో ఇచ్చారు.

లోన్ కన్నా కష్టమైంది అపార్ట్‌మెంట్ల గేటు దాటడం. సెల్లార్ తడిసి పాడవుతుందని అసోసియేషన్ వాళ్లు ఒప్పుకునేవారు కాదు. రెండు బకెట్ల నీళ్లతో, నేల మీద చెంబెడు కూడా కారకుండా సెక్రటరీ గారి కారే కడిగి చూపించాను. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే నీళ్లు. బకెట్టు అడుగున జాలీ ఉంటే మట్టి కిందికి దిగిపోయి మళ్లీ గుడ్డకు అంటదు. నీటి కరువున్న దేశంలో నేర్చుకున్న పని అలా పనికొచ్చింది.

కానీ గేటు దగ్గర అసలు మనిషి వాచ్‌మన్. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "మా కడుపు మీద కొట్టడానికొచ్చావేటి బాబూ?" అని అడిగాడు. రోజూ పొద్దున్నే పది కార్లు తుడిస్తే నెల తిరిగేసరికి వచ్చే డబ్బే ఆయన పిల్ల చదువు. సోనాపూర్‌లో బకెట్టు పట్టుకుని నిలబడ్డ నేనే గుర్తొచ్చాను. "లేదు బాబాయ్, రోజువారీది మీదే. నెలకోసారి లోపల శుభ్రం, పాలిష్ నాది" అన్నాను. ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు ఇచ్చి, మడత పెట్టడం చూపించాను. ఎనిమిది ముఖాలూ. ఇప్పుడు ఆ అపార్ట్‌మెంట్ కార్ల మీద కొత్త గీతలు పడడం తగ్గింది. ఎవరైనా కొత్త కారు కొంటే బాబాయే ఫోన్ చేసి చెబుతాడు.

మొదటి వేసవిలో నా వల్ల ఒక తప్పు జరిగింది. లాసన్స్ బే వైపు ఒక ఇంట్లో నల్ల కారు. ట్యాంకులో నీళ్లు అయిపోతే వాళ్ల బోరు నీళ్లే పట్టుకున్నాను. మే నెల, తొమ్మిదయ్యేసరికే ఎండ మండిపోతోంది. నేను అటువైపు తుడిచేలోగా ఇటువైపు నీళ్లు ఆరిపోయి, కారంతా తెల్లటి చుక్కలు పడ్డాయి. సముద్రానికి అంత దగ్గర బోరులో ఉప్పు, సున్నం ఎంత ఉంటాయో ఆలోచించలేదు. నీరు ఆవిరైపోతుంది, లవణం మిగిలిపోతుంది. వేడెక్కిన రేకు మీద అది పూతలోకి కొరికేస్తుంది. వెనిగర్ నీళ్లతో సగం పోయాయి. మిగతావి పోవడానికి రెండు రోజులు పాలిష్ పట్టాను, పైసా తీసుకోలేదు. ఆ రెండు రాత్రులూ టెన్షన్‌తో నిద్రపట్టలేదు. ఆ ఇంటావిడ మాత్రం, "తప్పు నీదేనని నువ్వే చెప్పావు కదా బాబూ, సరిదిద్దు చాలు" అన్నారు. ఇప్పటికీ వాళ్ల కారు నేనే చూస్తాను.

ఆ వారమే టీడీఎస్ మీటర్ కొన్నాను, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపిస్తుంది. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదంటారు. చివరిసారి జాడించే నీళ్లు నేను 100 లోపు ఉండేలా ఇంటి నుంచే క్యాన్లలో తెచ్చుకుంటున్నాను. ఎండలో పని పూర్తిగా మానేశాను. దుబాయ్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎవరినీ ఎండలో పని చేయించకూడదని రూలుంది. మనకు ఏప్రిల్, మే నెలల్లో ఆ రూలు నేనే పెట్టుకున్నాను. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఆ వేళకు భోజనం చేసి నిద్రపోవాలి. వాడి చేతులకు గ్లౌజులు ఉండాలి. నా వేళ్ల మధ్య చర్మం ఎలా పగిలిందో వాడికి చూపించాను.

ఈ ఊరి కార్లకు ఈ ఊరి జబ్బులున్నాయి. బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే కారుకు చక్రాల లోపల, తలుపుల అడుగున ఉప్పు పేరుకుని తుప్పు మొదలవుతుంది. అక్కడ మంచినీళ్లతో వారానికోసారి కడిగించడం వేలు పోసి వేయించే కోటింగ్ కన్నా మేలు అని కస్టమర్లకు చెబుతాను, నాకు బేరం పోయినా సరే. జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్, గాజువాక వైపు కార్లపై చెయ్యి వేస్తే ఇసుక కాగితంలా గరగరలాడుతుంది. అది రంగులో గుచ్చుకున్న ఇనుప రజను. దానికో మందుంది. చల్లిన రెండు నిమిషాలకు ఇనుముతో కలిసి ఊదారంగులోకి మారి కిందికి కారుతుంది. మొదటిసారి చూసినవాళ్లు తమ కారు రంగే కరిగిపోతోందని కంగారుపడతారు. కొత్త కారు అయితే సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ చేయించాక పసుపు, కుంకుమ మరకలతో వస్తుంది. పసుపును నేను గట్టిగా రుద్దను. షాంపూతో కడిగి రెండు రోజులు ఎండలో ఉంచమంటాను. ఎండకు పసుపు దానంతట అదే వెలిసిపోతుంది. బానెట్ మీద వేలి ఉంగరంతో స్వస్తిక్ గీసేస్తేనే కష్టం.

ఇక ఫిషింగ్ హార్బర్‌లో వంజరం కొని డిక్కీలో వేసుకెళ్తే, సంచి కారి నీళ్లు కార్పెట్ కిందికి పోతాయి. వాసన పోవాలంటే సెంటు కొడితే లాభం లేదు. కార్పెట్ ఎత్తి, కింద స్పాంజి దాకా కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. ఒక రోజంతా పడుతుంది. ఆ పనికి తక్కువ డబ్బు చెప్పడం నేను మానుకున్నాను.

"తొమ్మిది హెచ్ కోటింగ్ వేస్తే గీతలు పడవంట కదా?" అని వారానికి ఇద్దరైనా అడుగుతారు. అది కారు రంగు మీద వేసే గట్టి పూత. ఆ తొమ్మిది పెన్సిల్ గట్టిదనం లెక్క, వజ్రానిది కాదు. నీళ్లు జారిపోతాయి, కడగడం తేలికవుతుంది, మెరుపు నిలుస్తుంది. మేకుతో గీస్తే గీత పడుతుంది. ఇలా చెప్పాక కొందరు వేరే చోటికి వెళ్లిపోతారు. వేయించుకున్నవాళ్లు మాత్రం మళ్లీ గొడవకు రారు.

నెలకు ఖర్చులు, వాయిదా, కుర్రాడి జీతం పోను దుబాయ్‌లో చివర్లో వచ్చినంతే మిగులుతోంది. వర్షాకాలంలో అంతకన్నా తక్కువ. కానీ ఇక్కడ కారు తాళం చేతికిచ్చే మనిషి మొహం చూస్తాను. పని అయ్యాక వాళ్లు కారు చుట్టూ తిరిగి చూసుకుంటారు కదా, ఆ అర నిమిషం నాకు అక్కడ నాలుగేళ్లూ దొరకలేదు.

మొన్న సోనాపూర్ నుంచి మా కంచిలి అతను ఫోన్ చేశాడు. వచ్చే నెల ఖాళీ చేసి వచ్చేస్తున్నాడు. "నేనూ ఓ వ్యాన్ కొననా బావా?" అని అడిగాడు. ఇప్పుడే కొనొద్దు, ముందు మూడు నెలలు నాతో తిరుగు అన్నాను. గాజువాక, కూర్మన్నపాలెం నుంచి వచ్చే ఫోన్లకు మధురవాడ నుంచి నేను వెళ్లేసరికి ట్రాఫిక్‌లోనే పొద్దెక్కిపోతోంది. ఆ వైపు అతనికి అప్పగిద్దామని ఉంది. ఇసుక సంగతి అతనికి నేను నేర్పక్కర్లేదు. ఇనుప రజను మాత్రం ఎప్పుడూ చూసి ఉండడు. ముందు దాంతోనే మొదలుపెట్టాలి.