నీ బరువు నువ్వు లాగు

మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో రోయింగ్‌లో, అంటే తెడ్లేసే పడవ పందేల్లో చేరింది. మేముండేది న్యూజెర్సీలో, ప్రిన్స్‌టన్ పక్కన. ఇక్కడ ఆ ఆటకున్న మర్యాద వేరు. ఒకప్పుడు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ కుర్రాళ్ళు సరుకు పడవలు తిరిగే కాలవలో సాధన చేసేవాళ్ళు. ఉక్కు కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ డబ్బిస్తే, 1906 నాటికి వాళ్ళకోసం ఏకంగా ఒక చెరువే తయారైంది. డబ్బున్నవాళ్ళ ముచ్చట్లు అలాగే ఉంటాయి.

'పుల్ యువర్ వెయిట్' అనే మాట ఆఫీసులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నీ వంతు పని నువ్వు చెయ్యమని దాని అర్థం. మీటింగుల్లో కాస్త దెప్పిపొడుపుగానే వాడతారు. అది పుట్టింది తెడ్ల దగ్గర. ఎనిమిది మంది కూర్చునే పోటీ పడవ పొడవు 18 మీటర్ల దాకా ఉంటుంది, బరువు మాత్రం వంద కిలోలకు అటూ ఇటూ. అంటే పడవకన్నా మనుషుల బరువే చాలా ఎక్కువ. బరువైన మనిషి ఎక్కితే పడవ ఇంకాస్త దిగుతుంది, నీటి రాపిడి పెరుగుతుంది. ఆ మనిషి తన ఒంటికి తగ్గ జోరు తెడ్డు మీద చూపించకపోతే మిగతా ఏడుగురూ మోసుకెళ్తున్నట్టే లెక్క. 1902లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ న్యూయార్క్‌లో మాట్లాడుతూ, మంచి పౌరుడికి ముందుగా కావలసింది తన బరువు తాను లాగే సత్తా, ఇష్టం అన్నాడు. అప్పటికే ఆ మాట ఒడ్డెక్కేసిందన్నమాట.

నాకు నచ్చిందేమిటంటే, ఇందులో అందరికీ ఒకే వాటా లేదు. యాభై కిలోల పిల్ల నుంచి డెబ్బై కిలోల పిల్ల జోరు ఎవరూ అడగరు. ఆఫీసులో ఆ మాట అనేవాళ్ళకు ఈ సంగతి తెలిసినట్టు లేదు.

ఇంట్లో గొడవ వేరే. అమ్మ ఆరు నెలలకని వచ్చింది. మనవరాలు తిన్న కంచం తీయబోతే, "దాన్ని చదువుకోనివ్వవే, నేను తీస్తాను" అంటుంది. నన్నూ అలాగే పెంచింది. ఇంటర్ అయ్యేదాకా గ్లాసు కడిగి ఎరగను. మన ఇళ్ళలో పిల్లల వంతు మార్కులు తేవడం, అంతే. అది గారాబం అనుకోను. చదువు ఒక్కటే దారి అనుకున్న ఇళ్ళలో అదో పంపకం. కానీ ఆ పంపకం ఇక్కడ చెల్లదు. పోటీలు చూడ్డానికి అమ్మని మెర్సర్ లేక్‌కి తీసుకెళ్ళాం. పిల్లలు పడవను భుజాలకెత్తుకుని నీళ్ళలోకి దించారు, అయ్యాక మళ్ళీ మోసుకొచ్చి తుడిచి స్టాండు మీద పెట్టారు. అమ్మ నోరు నొక్కుకుంది. "ఇంత ఫీజు కట్టించుకుని, మోత కూడా పిల్లలచేతేనా?"

ఆ రాత్రి డిష్‌వాషర్ సర్దమంటే మా అమ్మాయి లాయర్‌లా వాదించింది: పడవలో చుక్కాని పట్టే కాక్స్ తెడ్డు ముట్టదు, దారి చూసి కేకలేస్తుంది, నాకు పరీక్షలున్నాయి కాబట్టి ఈ వారం నేను కాక్స్‌ని. అంతర్జాతీయ పోటీల్లో కాక్స్ 55 కిలోలకు తగ్గితే ఆ తేడాకు సరిపడా బరువు మూట పక్కన పెట్టుకోవాలని నాకూ తెలుసు. కాక్స్‌కి కూడా బరువు తప్పదని చెప్పాను. సోఫాలోంచి మా ఆయన, ఈ ఇంట్లో కాక్స్ పోస్టు ఎప్పుడో నిండిపోయిందన్నాడు. తల్లీకూతుళ్ళం ఇద్దరం ఒకేసారి ఆయన వైపు తిరిగాం. డిష్‌వాషర్ ఆయనే సర్దాడు.