కోనసీమ చెమ్మలో అంబాసిడర్ డ్రమ్ బ్రేకులు: షూలు ఒక్కటే మారిస్తే చాలదు

కొబ్బరి చెట్ల కింద నెలల తరబడి కదలకుండా ఉండే అంబాసిడర్‌కి షూలు (చక్రంతో తిరిగే డ్రమ్ముకి లోపల నుంచి ఒరుసుకుని ఆపేవి) అరగకముందే వీల్ సిలిండర్లు (ఆ షూలను డ్రమ్ము వైపు నెట్టేవి) తుప్పుపడతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది, ఆ తడి సిలిండర్ లోపలి గోడను తినేస్తుంది. అందుకే డ్రమ్ము ఊడదీసిన ప్రతిసారీ షూల కంటే ముందు సిలిండరే చూడాలి.

వెనక చక్రాలైతే హ్యాండ్ బ్రేక్ వదిలి, ముందు చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టండి. ఒట్టి జాకీని నమ్మొద్దు, స్టాండు తప్పనిసరి. పాత డ్రమ్ము అంచున గట్టు కడుతుంది, షూలు దానికి తట్టుకుంటాయి. అడ్జస్టర్ (షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసేది) వెనక్కి తిప్పి లాగండి. రాకపోతే చక్రం బిగించే స్టడ్ల మధ్య చెక్క సుత్తితో తట్టండి. అంచు మీద కొడితే పోత ఇనుము పగులుతుంది. లోపలి పొడిని కంప్రెసర్‌తో ఊదొద్దు, పాత లైనింగుల్లో (షూల మీద అరిగే పొరల్లో) ఊపిరితిత్తులకు హానిచేసే ఆస్బెస్టాస్ ఉండేది. సబ్బునీళ్లతో తడిపి తుడవండి.

ఒకవైపు పూర్తయ్యాకే రెండోది విప్పండి. స్ప్రింగు ఏ రంధ్రంలో ఉంది, షూ మీద లైనింగు లేని ఖాళీ ఏ చివరన ఉంది, ఫోటో తీసుకోండి.

ఇప్పుడు సిలిండర్. రబ్బరు తొడుగు ఎత్తితే తడి కనిపించిందా, లీకే. లోపల గోరుకి గుంత తగిలితే హోనింగ్‌తో (లోపలి గోడను రాపి నునుపు చేయడంతో) పని జరగదు, కొత్తది వేయాల్సిందే. మరక మాత్రమే ఉంటే శుభ్రం చేసి కొత్త కప్పులు (ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్లు) వేయండి, కప్పు పెదవి ఆయిల్ వైపే ఉండాలి. కడగడానికి, పూయడానికి బ్రేక్ ఆయిలే వాడాలి. పెట్రోలు, డీజిల్, మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బి పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

షూలు ఎప్పుడూ ఇరువైపులా కలిపే మార్చాలి. ఆయిల్ తాగిన లైనింగును కడిగి వాడొద్దు, బండి ఒకవైపుకి లాగుతుంది.

బిగించాక పెడల్ రెండుమూడుసార్లు నొక్కితే షూలు సర్దుకుంటాయి. చక్రం ఆగేదాకా అడ్జస్టర్ తిప్పి, స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి తీయండి. మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకు తోసేదానికి) దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో పైపుల్లో చిక్కిన గాలి తీయడం మొదలుపెట్టండి. గాలి బయటికి వదిలే బ్లీడర్ నిప్పిల్‌కి ముందురోజే తుప్పు వదిలించే నూనె పోస్తే విరగదు. గాలితో పాటు బయటికి వచ్చిన ఆయిల్ మళ్లీ పోయొద్దు. పెడల్ మెత్తగా ఉంటే గాలి మిగిలింది. గట్టిగానే ఉండి కిందికి దిగితే అడ్జస్ట్‌మెంట్ చాలలేదు.

రద్దీలేని కాలువగట్టు రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగం నుంచి నెమ్మదిగా, మధ్యలో చల్లారనిస్తూ ఇరవైసార్లు ఆపితే షూలు డ్రమ్ముకి ఒదుగుతాయి. ఇంట్లో నిలిపినప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచొద్దు, వానాకాలంలో షూలు డ్రమ్ముకి అంటుకుపోతాయి. గేరులో వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి.