ఆ మైనస్ ఒకటిని కొట్టేయకండి

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో చాలా ఇళ్లల్లో తెలుగు, బళ్లో ఒడియా. మా అక్క కొడుకు పదో తరగతి, వాడు బళ్లో ద్విఘాత సమీకరణ అని నేర్చుకుని వస్తాడు, నా నోటికేమో వర్గ సమీకరణం అనే వస్తాది, ఇద్దరం ఒకదాని గురించే మాట్లాడుతున్నామని తెలుసుకోడానికి మొదట్లో ఒక పూట పట్టింది. మొన్న ఆదివారం నోట్సు పట్టుకొచ్చి "మావయ్యా, జవాబు రైటే వచ్చింది గానీ ఇదేటో అర్థం కాలేదు" అన్నాడు.

లెక్క ఇది. 25 మీటర్ల మేడ అంచున నిలబడి ఒకడు రాయిని సెకనుకి 20 మీటర్ల వేగంతో నిటారుగా పైకి విసిరాడు, అది ఎన్ని సెకన్లకి కింద నేల మీద పడుతుంది? భూమి లాగడం వల్ల ప్రతి సెకనుకీ వేగం 10 చొప్పున తగ్గుతాదని అనుకోవాలి (అసలు 9.8, లెక్క సులువుకి 10). భూమి లాగకపోతే రాయి టి సెకన్లకి 20టి మీటర్లు పైకి పోయేది, లాగుతోంది కాబట్టి అందులోంచి 5టి² పోతుంది, అంటే మొదటి సెకను అయ్యేసరికి 5 మీటర్లు, రెండయ్యేసరికి 20, మూడయ్యేసరికి 45. ఈ వర్గం ఉండబట్టే ఇది వర్గ సమీకరణం అయింది. ఎత్తు = 25 + 20టి - 5టి². నేలంటే ఎత్తు సున్నా, కాబట్టి మొత్తాన్ని అయిదుతో భాగించి సర్దితే టి² - 4టి - 5 = 0.

దీన్ని పాతకాలపు గణిత పండితుడు శ్రీధరాచార్యుడి పద్ధతిలో చేయించాను, నాకు అదే ఇష్టం. 5ని అవతలికి పంపి రెండు వైపులా 4తో గుణిస్తే 4టి² - 16టి = 20, రెండు వైపులా 16 కలిపితే ఎడమవైపు (2టి - 4)², కుడివైపు 36. అంటే 2టి - 4 అనేది 6 అవ్వాలి, లేదా మైనస్ 6. టి = 5, లేదా టి = -1.

వాడు 5 కింద రెండు గీతలు గీసి, -1 మీద అడ్డంగా కొట్టేసాడు. ఎందుకురా అంటే "టైము మైనస్ ఉండదు, కొట్టేయండి అని చెప్పారు" అన్నాడు. నాకూ ఆ వయసులో అదే చెప్పారు, ఇన్నేళ్లయినా అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది, ఎందుకంటే ఆ మైనస్ ఒకటిలో ఎంత అందం ఉందో ఎవరూ చూపించలేదు.

సున్నా సెకను అంటే ఏటి? రాయి చేతిలోంచి వదిలిన క్షణం, అంతే. మైనస్ ఒకటి అంటే దానికి సెకను ముందు. ఇప్పుడు మేడ మీద మనిషి లేడనుకో, వేరే ఎవడో కింద నేల మీద నుంచి ఒక సెకను ముందే రాయిని సెకనుకి 30 మీటర్ల వేగంతో విసిరాడనుకో. సెకనులో అది 30 - 5 = 25 మీటర్లు ఎక్కుతుంది, అంటే సరిగ్గా మేడ అంచు దగ్గరికొస్తుంది, అప్పటికి దాని వేగం 10 తగ్గి 20. అచ్చంగా మన రాయే! సమీకరణానికి మేడ తెలీదు, మనిషి తెలీదు, రాయి పోయే దారి ఒక్కటే తెలుసు, ఆ దారి నేలని రెండు చోట్ల తాకుతుందని చెప్పింది. పైగా -1కీ 5కీ సరిగ్గా మధ్యన 2, రాయి 45 మీటర్ల శిఖరం చేరేది కూడా అప్పుడే. ఇది వినగానే వాడు రబ్బరు తీసుకుని ఆ గీతని చెరిపేసాడు.

లెక్కలో అడిగింది విసిరిన తరవాత సంగతి కాబట్టి జవాబు 5 అనే రాయాలి, అందులో తేడా లేదు. కానీ కారణం అది, "మైనస్ ఉండదు" అన్నది కాదు.

12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు కూడా ఇక్కడ ఆగి ఆలోచించాడు. ఆయన లెక్క ఇది: కోతుల గుంపులో అయిదో వంతులోంచి మూడు తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేస్తే అన్ని కోతులు గుహలోకి పోయాయి, ఒక్కటి బయట కనపడుతోంది, మొత్తం ఎన్ని? జవాబులు 50, 5. రెండూ ప్లస్సే! అయినా 5ని ఆయన ఒప్పుకోలేదు, అయిదులో అయిదో వంతు ఒకటి, దాన్లోంచి మూడు కోతుల్ని ఎలా తీస్తావ్? అంటే జవాబు గుర్తు చూసి కాదు, కథలోకి తిరిగెళ్లి చూసి తేల్చుకోవాలి.

అదే రాయి 40 మీటర్ల ఎత్తులో ఎప్పుడుంటుందని అడిగాను. టి² - 4టి + 3 = 0, జవాబులు 1, 3. "రెండూ ప్లస్సే, ఏది కొట్టేయాలి మావయ్యా?" ఏదీ కొట్టేయకూడదు, ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి. 45 అంటే ఒకటే జవాబు, 2. 50 అంటే వర్గమూలం కింద -4 వస్తాది, ఏ సంఖ్యని వర్గం చేసినా మైనస్ రాదు కాబట్టి రాయి అంత ఎత్తుకి పోదని సమీకరణం మొహం మీదే చెప్పేస్తుంది.

తరవాత పెరట్లోకెళ్లి టెన్నిస్ బంతి విసిరించాను, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నేను నొక్కాను, విసిరిన చేత్తో అదే ఎత్తులో పట్టుకోవాలని షరతు. పది సార్లలో మంచివి ఏరి సగటు తీస్తే 2.4 సెకన్లు. ఎక్కడానికి 1.2, దిగడానికి 1.2, కాబట్టి విసిరిన వేగం 12, ఎత్తు 5 × 1.44 = 7.2 మీటర్లు. నొక్కడంలో 0.2 సెకను తేడా వస్తే ఎత్తు 6 అయిపోవచ్చు, 8.5 దాకా పోవచ్చు, టైముని వర్గం చేస్తున్నాం కదా, చిన్న తప్పు కూడా పెద్దదైపోతుంది, అందుకే పది సార్లు.

పెరట్లో కొబ్బరి గెల వాడి చేతి ఎత్తు నుంచి సుమారు 9 మీటర్లు, నీడ కొలిచి లెక్కేసాం. 12టి - 5టి² = 9 అని పెట్టి చూసాడు, వర్గమూలం కింద 144 - 180. "అందదు" అన్నాడు, నేనేమీ చెప్పకుండానే. మరి ఎంత వేగం కావాలని వాడే లెక్క మొదలెట్టాడు, వేగం వర్గం 180 అవ్వాలి, అంటే 13.4 పైచిలుకు. ఇంకో ఒకటిన్నర చాలని, చీకటి పడేదాకా విసురుతూనే ఉన్నాడు.