తాళం మార్చినంత మాత్రాన హక్కు పోదు

భార్యాభర్తల మధ్య విడాకుల కేసు మొదలైందనగానే బంధువులు ముందుగా అడిగే ప్రశ్న, ఇల్లు ఎవరి పేరు మీద ఉందని. మామగారి పేరు మీద ఉందని తెలియగానే, అయితే ఆ అమ్మాయి పెట్టె సర్దుకొని పుట్టింటికి వెళ్లడం తప్ప చేయగలిగిందేమీ లేదని అందరూ కలిసి తేల్చేస్తారు. న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌గా పనిచేస్తూ ఈ మాట ఎన్నోసార్లు విన్నాను. చదువుకున్న కుటుంబాల్లోనూ ఇదే మాట, ఇదే ధీమాతో వినిపిస్తుంది. చట్టం మాత్రం ఈ ప్రశ్నతో మొదలుపెట్టదు. ఆమె కాపురం ఏ ఇంట్లో సాగిందన్నది అది ముందుగా చూస్తుంది.

2005లో పార్లమెంటు చేసిన గృహ హింస నిరోధక చట్టం 2006 అక్టోబర్ 26 నుంచి అమలులోకి వచ్చింది. అందులోని 17వ సెక్షన్ ప్రకారం, కాపురం చేసిన ఇంటిపై భార్యకు యాజమాన్యపు హక్కు ఉన్నా లేకపోయినా అందులో నివసించే హక్కు ఆమెకు ఉంటుంది. చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప ఆమెను అక్కడి నుంచి వెళ్లగొట్టడానికి వీల్లేదు. విడాకుల పిటిషన్ వేసినంత మాత్రాన ఈ హక్కు రద్దు కాదు. ఆ కేసు తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. ఆ కాలమంతా ఆమె ఎక్కడ తల దాచుకోవాలన్నదే అసలు సమస్య కాబట్టి, ఈ హక్కు ఎక్కువగా అవసరమయ్యేది కూడా అప్పుడే.

అయితే చట్టం వచ్చిన కొద్ది నెలలకే, 2006 డిసెంబరులో, సుప్రీంకోర్టు బత్రా కేసులో ఈ హక్కును బాగా కుదించింది. ఇల్లు భర్తదైనా కావాలి, అతను అద్దెకు తీసుకున్నదైనా కావాలి, లేదా అతనికి భాగమున్న ఉమ్మడి కుటుంబ ఆస్తి అయినా కావాలి. అత్తగారి సొంత ఇంట్లో ఉంటానని కోడలు కోరలేదని ఆ తీర్పు సారాంశం. పెళ్లయ్యాక అత్తమామల ఇంటికే కాపురానికి వెళ్లడం ఆనవాయితీగా ఉన్న మన దేశంలో ఈ తీర్పు ఎంతమంది స్త్రీలను గడప బయట నిలబెట్టి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. పద్నాలుగేళ్ల తర్వాత, 2020 అక్టోబర్ 15న, ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అహూజా కేసులో బత్రా తీర్పు సరైనది కాదని చెప్పింది. ఈ అహూజా కేసులోని ఇల్లు ఢిల్లీలో ఉంది, అది మామగారి స్వార్జితం. కొడుకు విడాకుల కేసు వేసిన తర్వాత, కోడలిని పంపించివేయాలని ఆయన సివిల్ దావా వేశారు. భర్త బంధువుల ఇల్లైనా సరే, దంపతులు అక్కడ స్థిరంగా కాపురం చేసి ఉంటే అది చట్టం దృష్టిలో ఆమె నివాస గృహమేనని కోర్టు స్పష్టం చేసింది. పండుగకు వెళ్లి నాలుగు రోజులు ఉండి వచ్చిన ఇల్లు మాత్రం ఈ లెక్కలోకి రాదు.

అదే తీర్పులో మరో మాట కూడా ఉంది, దాన్ని దాచిపెట్టి సగమే చెప్పడం న్యాయం కాదు. ఈ నివాస హక్కు తిరుగులేనిది కాదు. వృద్ధాప్యంలో ప్రశాంతంగా బతికే హక్కు అత్తమామలకూ ఉంది కాబట్టి కోర్టు రెండు పక్షాల పరిస్థితినీ తూచి చూడాలి. అవసరమైతే 19వ సెక్షన్ కింద, ఆమె అంతవరకూ అనుభవించిన స్థాయికి తగిన మరో వసతి చూపించమనో, అద్దె చెల్లించమనో భర్తను ఆదేశించవచ్చు. ఇది సబబైన ఏర్పాటేనని నా అభిప్రాయం. అయితే ఆ తూకం కోర్టులో జరగాలి తప్ప, కోడలు ఊళ్లో లేని రోజు చూసి తాళాలు మార్చేవారి చేతుల్లో కాదు.

తాళం సంగతి నేను దగ్గరగా చూశాను. తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకలకని పుట్టింటికి వెళ్లి తిరిగి వచ్చిన ఒక అమ్మాయి, గేటుకు వేలాడుతున్న కొత్త ఇత్తడి తాళాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకొని మా దగ్గరకు వచ్చింది. "ఇల్లు మా ఆయన పేరు మీద ఉంది, నీకేం సంబంధం?" అని అత్తగారు గేటు లోపలి నుంచే అన్నారట. ఆ అమ్మాయి డిగ్రీ సర్టిఫికెట్లు, అమ్మ పెట్టిన నగలు, పాప స్కూలు పుస్తకాలు అన్నీ లోపలి బీరువాలోనే ఉండిపోయాయి. తన దగ్గర ఇంటి కాగితాలేవీ లేవని ఆమె ఏడుస్తుంటే, నిజానికి అవసరమైనవన్నీ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉన్నాయి: ఆ చిరునామాతో ఉన్న ఆధార్ కార్డు, గ్యాస్ పుస్తకం, పాప స్కూలు ఫీజు రసీదు. కాపురం ఎక్కడ జరిగిందో చెప్పడానికి దస్తావేజుల కంటే ఇలాంటి మామూలు కాగితాలే పనికొస్తాయి.

అటువంటి స్థితిలో తాళం పగలగొట్టమని ఎవరు సలహా ఇచ్చినా వినవద్దు. 12వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు వేయాలి. ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే రక్షణ అధికారి ద్వారా వెళ్లవచ్చు, నేరుగానూ వేయవచ్చు. మొదటి వాయిదా సాధారణంగా మూడు రోజుల్లోపు ఉండాలని, మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఈ గడువులు తరచూ దాటిపోతాయి. అందుకే 23వ సెక్షన్ కింద, కేసు తేలేలోపు ఇచ్చే మధ్యంతర ఉత్తర్వు కోసం విడిగా పిటిషన్ వేయడం మరిచిపోకూడదు. ఆమెను ఇంట్లోంచి తీసివేయకుండా, ఇల్లు అమ్మకుండా నిరోధించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. స్త్రీధనం తిరిగి ఇప్పించవచ్చు, రక్షణ కల్పించమని స్టేషన్ అధికారిని ఆదేశించవచ్చు. కుటుంబ న్యాయస్థానంలో విడాకుల కేసు నడుస్తూ ఉంటే 26వ సెక్షన్ కింద ఈ ఉపశమనాలను అక్కడే కోరవచ్చు. లాయరు ఫీజుకు డబ్బు లేదని ఆగిపోవలసిన పని లేదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

ప్రాణానికి ముప్పున్న ఇంట్లో హక్కు కోసం పట్టుబట్టి ఉండమని నేను ఏ స్త్రీకీ చెప్పను. అలాంటప్పుడు భర్తనే ఇల్లు విడిచి వెళ్లమని ఆదేశించే అధికారం కూడా 19వ సెక్షన్‌లో ఉంది. ఇంట్లోని ఆడవారిపై మాత్రం అలాంటి ఆదేశం ఇవ్వరాదు. కొట్టినవాడు ఇంట్లో ఉండి, దెబ్బలు తిన్నది బజారున పడడం తప్పనిసరి కాదని ఒప్పుకున్న ఈ ఒక్క నిబంధన కోసమైనా ఈ చట్టాన్ని నేను గౌరవిస్తాను. ఆమె ముందుగా క్షేమమైన చోటికి వెళ్లిపోయినా హక్కు పోదు. 2022 మేలో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు, దరఖాస్తు వేసే నాటికి ఆ ఇంట్లోనే ఉండి తీరాలన్న నియమం లేదని చెప్పింది. భర్తకు ఈ చట్టం కింద దరఖాస్తు చేసే వీలు లేదు. అతని తగవు సివిల్ కోర్టులోనో కుటుంబ న్యాయస్థానంలోనో తేలవలసిందే.

ఆస్తిని చేతులు మార్చడం ఇంకో ఎత్తు. బెంగళూరుకు చెందిన వనిత కేసులో భర్త తన ఆస్తిని తండ్రికి అమ్మారు, తండ్రి దాన్ని తన భార్యకు గిఫ్ట్ ఇచ్చారు, ఆపై వృద్ధులైన తల్లిదండ్రుల సంరక్షణ కోసం 2007లో చేసిన చట్టాన్ని అడ్డం పెట్టుకొని కోడలిని ఖాళీ చేయించడానికి ఉత్తర్వులు తెచ్చారు. కోడలి నివాస హక్కును వమ్ము చేయడానికి ఆ చట్టాన్ని వాడుకోరాదని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

అద్దె ఇళ్లలో ఉన్నవారి పరిస్థితి వేరు. భర్త అద్దె కట్టడం మానేసి, యజమాని చేత ఖాళీ చేయించడానికి చూస్తాడు. విడిచిపెట్టబడిన భార్య ఆ కేసులో తానే వాదించుకోవచ్చని, అయితే అద్దె చెల్లించడానికి సిద్ధపడాలని 2005లోనే సుప్రీంకోర్టు అచలా ఆనంద్ కేసులో చెప్పింది. విడాకులు మంజూరైతే మాత్రం ఆ అవకాశం ముగుస్తుందని, విడాకుల షరతుల్లో నివాసం సంగతి ఉంటేనే అది నిలుస్తుందని కూడా అందులోనే ఉంది.

అందువల్ల పరస్పర అంగీకారంతో విడిపోయేవారు హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద వేసే విడాకుల పిటిషన్‌ను సంతకానికి ముందు ఒకటికి రెండుసార్లు చదవాలి. "ఇకపై ఒకరిపై ఒకరికి ఎటువంటి క్లెయిములూ లేవు" అన్న వాక్యం దాదాపు ప్రతి ముసాయిదాలోనూ చివర ఉంటుంది. దానికి ముందే, ఆమె, పిల్లలు ఏ ఇంట్లో ఎప్పటివరకు ఉంటారో, అద్దె, అడ్వాన్సు ఎవరు కడతారో, బీరువాలోని సామాను ఏ తేదీన అప్పగిస్తారో విడివిడిగా రాయించుకోవాలి.